సునౌలీలో అమ్మ ముందే దాటేసింది

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. పాస్‌పోర్టు ఎప్పుడూ తీసుకోలేదు. ఓటరు కార్డు బీరువాలోనే మరిచిపోయి వచ్చింది. ఆమె చేతిసంచిలో ఉన్నవి ఆధార్ కార్డు, కుంకుమ భరిణె, చల్లమిరపకాయల పొట్లం. ఆ సరంజామాతో సైకిల్ రిక్షా ఎక్కి, పక్కన మా ఆయనను కూర్చోబెట్టుకుని, ఉత్తరప్రదేశ్‌లోని సునౌలీ దగ్గర దేశం దాటి నేపాల్లోకి వెళ్లిపోయింది. అటువైపు టీ కొట్టు బెంచీ మీద కూర్చుని రెండు గంటల పాటు మా కోసం ఎదురుచూసింది.

ఆ రెండు గంటలూ ఇటువైపు చిక్కుకున్నది మా తమ్ముడు. అమెరికా పాస్‌పోర్టు ఉంది, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది, ఫోను నిండా పీడీఎఫ్‌లు ఉన్నాయి. డజను దేశాలు తిరిగినవాడు.

నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఖాతా తెరవడానికి వచ్చినవారిని ఫొటో గుర్తింపు కార్డు ఏది, చిరునామా కాగితం ఏది, ఒరిజినల్ తెచ్చారా అని అడగడమే నా ఉద్యోగం. కాగితాల విషయంలో నన్ను ఎవరూ తప్పు పట్టలేరని నా ధీమా. 2024 కార్తీకంలో నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకు ఫైలు కూడా నేనే తయారుచేశాను. ఒక్కొక్కరికీ ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మూడేసి జిరాక్సు ప్రతులు, నాలుగేసి ఫొటోలు. అయినా తప్పు జరిగింది. మా అపార్ట్‌మెంటులో ఇప్పుడు నేపాల్ వెళ్లాలనుకునేవారంతా నాకే ఫోన్ చేస్తున్నారు కాబట్టి, ప్రతివారికీ మొదటి నుంచీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

మేము ఆరుగురం. అమ్మ, నేను, మా ఆయన విజయవాడలో రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోరఖ్‌పూర్ చేరాం. తమ్ముడు, మరదలు, ఎనిమిదేళ్ల మేనకోడలు టెక్సాస్ నుంచి ఢిల్లీ వచ్చి, అక్కడి నుంచి విమానంలో గోరఖ్‌పూర్ వచ్చారు. తమ్ముడు అమెరికా పౌరుడు. మరదలికి గ్రీన్ కార్డు వచ్చింది గానీ ఇంకా భారత పాస్‌పోర్టే. పిల్ల అక్కడే పుట్టింది, అమెరికా పాస్‌పోర్టు. నాకు భారత పాస్‌పోర్టు. మా ఆయన పాస్‌పోర్టు గడువు తీరి రెండేళ్లయింది, ఓటరు కార్డు మాత్రం ఉంది. అమ్మ సంగతి చెప్పాను కదా. ఒకే ఇంటివాళ్లం, ఒకే కారులో కూర్చున్నాం, సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి ఎవరి లెక్క వారిదే.

ముందు మనవాళ్ల సంగతి. భారత పౌరులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. 1950 జులై 31న రెండు దేశాలూ చేసుకున్న శాంతి, స్నేహ ఒప్పందంలో ఏడో అధికరణం ఉంది. ఒక దేశం వారు రెండో దేశంలో ఉండవచ్చు, తిరగవచ్చు, ఆస్తి కొనుక్కోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు అని దాని సారాంశం. అమలులో ఆస్తి దగ్గరా మరికొన్నిటి దగ్గరా పేచీలు లేకపోలేదు గానీ, రాకపోకలు మాత్రం ఇప్పటికీ స్వేచ్ఛగానే సాగుతున్నాయి. సునౌలీలో పొద్దున్నే సైకిల్ మీద కూరగాయల గంప పెట్టుకుని అటు వెళ్లి, మధ్యాహ్నానికి ఇటు వచ్చేసేవాళ్లు వందల మంది. రోటీ-బేటీ సంబంధం అంటారు అక్కడ. పొట్టకూటి పొత్తు, పెళ్లి పొత్తు అన్నమాట.

వీసా లేదంటే కాగితమే అక్కర్లేదని కాదు. విమానంలో వెళ్లినా రోడ్డు మీద వెళ్లినా చెల్లే పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండి తీరాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. దేశమంతా చెల్లే ఆధార్ ఇక్కడ అందరికీ చెల్లదు. అరవై ఐదేళ్లు దాటినవారికి, పదిహేనేళ్లలోపు పిల్లలకు మాత్రమే వయసు, గుర్తింపు చూపడానికి ఆధార్, పాన్, రేషన్ కార్డు వంటివి సరిపోతాయి. పదిహేను, పద్దెనిమిది మధ్య పిల్లలైతే స్కూలు ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం కావాలి, దానికి ఒక నిర్ణీత నమూనా ఉంది. కుటుంబమంతా కలిసి వెళ్లేటప్పుడు పెద్దవారిలో ఒకరికి సరైన పత్రం ఉంటే, మిగిలినవారు ఫొటోతోపాటు బంధుత్వం తెలిపే వేరే కాగితం చూపినా ఫరవాలేదన్న వెసులుబాటు కూడా ఉంది. నేనైతే దాని మీద ఆధారపడను. వెసులుబాటు కౌంటరు అవతల కూర్చున్నవాడి చేతిలో ఉంటుందని కౌంటరు అవతల కూర్చున్నదానిగా నాకు తెలుసు.

కాబట్టి మా అమ్మ ఆధార్‌తో వెళ్లింది, న్యాయంగానే వెళ్లింది. మా ఆయన వయసు అరవై మూడు. ఆయన అదే ఆధార్‌తో వెళ్లబోయారు. "మీ అమ్మకు చెల్లేది నాకెందుకు చెల్లదు?" అని వాదన. ఇంకో రెండేళ్లు ఆగితే చెల్లుతుంది అని చెప్పి, ఓటరు కార్డు వెతికించాను. అటకమీది పాత ట్రంకు పెట్టెలో, కరెంటు బిల్లుల కట్ట కింద దొరికింది. ఫొటోలో ఆయనకు జుట్టు ఒత్తుగా ఉంది. పోల్చుకోవడం ఎవరికైనా కష్టమే. అయినా కార్డు కార్డే.

ఇక తమ్ముడు. ఫోన్లో ముందే అడిగాను, "నీకూ పిల్లకూ వీసా కావాలి కదరా?" అని. "ఓసీఐ ఉంది కదక్కా" అన్నాడు. ఈ మాట ఒక్క మా తమ్ముడిదే కాదు, అమెరికా నుంచి వచ్చే మనవాళ్లలో చాలామందిది. ఓసీఐ అనేది భారతదేశం ఇచ్చే కార్డు. జీవితాంతం ఎన్నిసార్లయినా భారత్‌కు రావడానికి వీసా అది. పేరులో పౌరసత్వం అన్న మాట ఉంది గానీ పౌరసత్వం కాదు. నేపాల్ చూసేది పాస్‌పోర్టును. అమెరికా పాస్‌పోర్టు చూపితే అమెరికావాడివే, గుంటూరులో పుట్టినా సరే, గుంటూరు యాసలో హిందీ మాట్లాడినా సరే.

మంచి సంగతేమిటంటే ఆ వీసా సరిహద్దులోనే ఇస్తారు, ముందుగా రాయబార కార్యాలయానికి వెళ్లనక్కర్లేదు. 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50, 90 రోజులకు 125. ఒక క్యాలెండర్ ఏడాదిలో మొత్తం మీద 150 రోజులకు మించి పర్యాటకులుగా ఉండనివ్వరు. కొన్ని దేశాల వారికి, ఉదాహరణకు అఫ్గానిస్థాన్, నైజీరియా, ఇరాక్, సిరియాల వారికి ఈ సదుపాయం లేదు, వారు ముందే తీసుకుని రావాలి. చైనావారికి ఫీజు లేదు. సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలలో అఫ్గానిస్థాన్ తప్ప మిగతావారికి ఏడాదిలో మొదటిసారి 30 రోజుల దాకా ఉచితం. ఇలాంటి పట్టికలు చదవడం నాకు వడ్డీ రేట్ల పట్టిక చదివినంత ఇష్టం. అలా చదువుతుండగానే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పదేళ్లలోపు పిల్లలకు వీసా ఫీజు లేదట, అమెరికా పౌరులకు తప్ప.

మా పిల్లకు ఎనిమిదేళ్లు. బ్రిటన్ పిల్లయితే ఉచితం, జపాన్ పిల్లయితే ఉచితం. మనది టెక్సాస్ పిల్ల, 30 డాలర్లు. వాళ్ల దేశం మా పిల్లల దగ్గర తీసుకుంటుంది కాబట్టి మేమూ వాళ్ల పిల్లల దగ్గర తీసుకుంటాం అనేది నేపాల్ లెక్క కాబోలు. బ్యాంకులో ఇలాంటిది చూస్తే నేనూ మెచ్చుకునేదాన్నే. మరదలు మాత్రం నొచ్చుకుంది. "నాకు ఉచితం, నా పిల్లకు డబ్బులా వదినా?" అంది. డబ్బు గురించి కాదు ఆమె బాధ, నాకు తెలుసు.

గోరఖ్‌పూర్ హోటల్లో రాత్రి కూర్చుని నేపాల్ ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఇద్దరి దరఖాస్తులూ నింపాం. నింపాక ఒక రసీదు వస్తుంది, అది పదిహేను రోజులు చెల్లుతుంది. మరీ నెల ముందే నింపుకుంటే వృథా. రసీదును హోటల్ కౌంటరులో ప్రింటు తీయించాను. ఫోనులో చూపిస్తే చాలదా అన్నాడు తమ్ముడు. సరిహద్దులో నీ ఫోను ఏ దేశపు సిగ్నల్ పట్టుకోవాలో తెలియక కొట్టుకుంటుంటే ఏం చూపిస్తావు అన్నాను. డాలర్లు కూడా నోట్ల రూపంలో, చిరుగు లేనివి, సరిగ్గా అరవై తెమ్మని ముందే చెప్పి ఉంచాను. రోడ్డు సరిహద్దు దగ్గర కార్డు గీస్తామని వెళ్లేవారికి నా దగ్గర జాలి లేదు.

డబ్బు గురించి ఇంకొక మాట. మేము వెళ్లినప్పటికి నేపాల్లో మన వంద రూపాయల కంటే పెద్ద నోటు చెల్లేది కాదు. 2018 చివర్లో వచ్చిన నిబంధన అది. ఐదు వందల నోటు అక్కడ ఇస్తే దుకాణదారు చెయ్యి వెనక్కు తీసుకునేవాడు. మా పాత బ్రాంచికి వెళ్లి వంద నోట్ల కట్టలు నాలుగు తీసుకున్నాను. "మేడమ్, పెళ్లా?" అని అడిగాడు క్యాషియరు అబ్బాయి. మారకం చాలా సులభం. మన వందకు అక్కడ నూట అరవై. 1993 నుంచీ అదే రేటు, కదలదు, మెదలదు. అక్కడి కొట్లలో ధర చెప్పగానే "ఐసీనా, ఎన్సీనా?" అని అడగాలి. ఐసీ అంటే మన రూపాయలు, ఎన్సీ అంటే నేపాలీ రూపాయలు. అడగకపోతే ఎన్సీ ధరను ఐసీలో కట్టేస్తాం. మా ఆయన టోపీకి అలాగే కట్టారు.

గోరఖ్‌పూర్ నుంచి సునౌలీ వంద కిలోమీటర్ల దగ్గరగా ఉంటుంది. నౌతన్వా దాటాక రోడ్డు పక్కన లారీల బారు మొదలవుతుంది. సిమెంటు, ఉల్లిపాయలు, ఇనుప చువ్వలు. డ్రైవర్లు లారీల కింద ఉయ్యాలలు కట్టుకుని పడుకున్నారు. ఆ బారు ఎంతసేపటికీ తరగదు. మా కారు డ్రైవరు బారు పక్కనుంచి దూసుకుంటూ తీసుకెళ్లి గేటుకు కాస్త దూరంలో దింపేశాడు. "అదిగో, అదే నేపాల్. నడిచి వెళ్లిపోండి, ఎవరూ అడగరు" అన్నాడు. మన బండిని అటు తీసుకెళ్లాలంటే భన్సార్ కట్టాలి, అంటే వాళ్ల కస్టమ్స్‌కు రోజుల లెక్కన రుసుము. మాకు అటువైపు వేరే జీపు మాట్లాడి ఉంది కాబట్టి ఆ గొడవ లేదు.

ఎవరూ అడగరన్నాడు చూశారా, అదే మమ్మల్ని ముంచింది. అతను అబద్ధం చెప్పలేదు. అతనికీ అమ్మకీ నాకూ అది నిజమే. అమ్మ మోకాళ్లు నడవనివ్వవు గనుక రిక్షా మాట్లాడి ఆమెనూ మా ఆయననూ ఎక్కించాం. సరిహద్దు కాపలా కాసే ఎస్ఎస్‌బీ జవాను ఒకామె అమ్మ సంచి తెరిపించి, పొట్లం వాసన చూసి, ఏమిటిది అని అడిగింది. అమ్మ తెలుగులో చెప్పింది. జవాను హిందీలో నవ్వి పొమ్మంది. అంతే, రిక్షా స్వాగత తోరణం కిందనుంచి వెళ్లిపోయింది. వెనకాలే మేం నలుగురం సామాన్లు లాక్కుంటూ నడిచాం. మమ్మల్నీ ఎవరూ ఆపలేదు. రెండు దేశాల మధ్య ఎవరిదీ కాని సన్నటి నేల ఉంది, దశగజా అంటారట. మా పెట్టె చక్రం ఒకటి దాని మీదే ఊడింది.

అటువైపు ఊరి పేరు బెలహియా. కుడిచేతి పక్క నేపాల్ ఇమిగ్రేషన్ కార్యాలయం. లోపల కూర్చున్న అధికారి తమ్ముడి రసీదు చూశాడు, ఫొటో చూశాడు, పాస్‌పోర్టు మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్క పేజీ తిప్పాడు. ఆ తిప్పడం నాకు తెలుసు. ఉండాల్సింది కనబడనప్పుడు అలా తిప్పుతాం.

"భారత్ నుంచి బయటికి వచ్చినట్టు ముద్ర ఏది?" అన్నాడు.

లేదు. ఢిల్లీలో దిగినప్పుడు వేసిన ముద్ర ఉంది. దాని ప్రకారం మా తమ్ముడూ మేనకోడలూ ఇంకా భారత్‌లోనే ఉన్నారు. ఆయన కసురుకోలేదు. రోజుకు పదిమందికి చెప్పే మాటే చెప్పాడు. వెనక్కి వెళ్లండి, మీ వైపు ఇమిగ్రేషన్‌లో ముద్ర వేయించుకుని రండి, ఆ తరువాతే నేను వీసా ఇస్తాను.

ఇది సునౌలీలో అందరికీ చెప్పాల్సిన సంగతి. విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ దాటకుండా విమానం దాకా వెళ్లలేం. దారే అలా కడతారు. ఇక్కడ దారి బజారు గుండా పోతుంది. భారత ఇమిగ్రేషన్ కార్యాలయం గేటుకు ముందే, రోడ్డు పక్కన, డబ్బు మార్చే కొట్ల వరసలో ఉంది. పెద్ద ద్వారం లేదు, క్యూ లేదు. భారతీయులూ నేపాలీలూ దాని ముందు నుంచే రోజంతా నడిచిపోతారు, అది వాళ్ల కోసం కాదు కాబట్టి. మూడో దేశపు పాస్‌పోర్టు ఉన్నవాడు తనంతట తానే లోపలికి వెళ్లి, నన్ను రాసుకోండి అని అడగాలి. అడగకుండా దాటిపోవడం చాలా సులువు. చిక్కంతా తరువాత. పొరపాటున నేపాల్ వీసా దొరికినా, తిరిగి వచ్చేటప్పుడు భారత్ లెక్కలో ఆ మనిషి అసలు బయటికే పోలేదు. పోనివాడు ఎలా వస్తాడు?

నా ప్లాస్టిక్ కవర్లలో ఈ ముద్ర సంగతి ఎక్కడా లేదు. కాగితాలు ఏమేమి కావాలో రాసుకున్నాను గానీ, ఏ వరసలో ఏ గుమ్మం ఎక్కాలో రాసుకోలేదు. అమ్మను చూడమని మరదలిని అక్కడే ఉంచి, నేనూ తమ్ముడూ పిల్లా మళ్లీ భారత్ వైపు నడిచాం. ఈసారి పిల్ల ఉత్సాహంగా లెక్కపెట్టింది. "అత్తా, ఇది రెండోసారి. మళ్లీ వెళితే మూడు."

కార్యాలయంలో మాకంటే ముందు ఒక జర్మన్ అమ్మాయి ఉంది. పాతికేళ్లుంటాయి, వీపున తన ఎత్తు సంచి. కాశీ నుంచి వచ్చింది, రెండు వారాలు నేపాల్ చూసి ఇదే దారిన మళ్లీ కాశీకి వెళ్లి, అక్కడ సితార్ నేర్చుకోవాలట. ఆమెది ఈ-వీసా. అధికారి ఆమెకు ఓపికగా చెబుతున్నారు. ఈ-వీసా మీద ఇక్కడి నుంచి బయటికి పోవచ్చు. లోపలికి రావడానికి మాత్రం అప్పట్లో విమానాశ్రయాలకూ ఓడరేవులకూ ఒక జాబితా ఉండేది, అందులో సునౌలీ లేదు. తిరిగి రావాలంటే కాఠ్‌మాండూ నుంచి జాబితాలోని ఊరికి విమానంలో రావాలి, లేదా అక్కడి మన రాయబార కార్యాలయంలో మామూలు వీసా తీసుకోవాలి. ఆ అమ్మాయి ఫోను తీసి చాలాసేపు లెక్కలు వేసుకుంది. విమానం ఖర్చు సితార్ ఖర్చులోంచి పోతుందని తమ్ముడితో అంది. చివరికి ముద్ర వేయించుకునే వెళ్లింది.

తమ్ముడి దగ్గర ఓసీఐ పనికొచ్చింది ఇక్కడే. దానితో ఈ దారినే వెళ్లి ఈ దారినే రావచ్చు. అధికారి పాస్‌పోర్టూ ఓసీఐ కార్డూ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఇద్దరికీ ఒక చిన్న ఫారం నింపించారు. పిల్ల ఫారం నేను నింపాను. వృత్తి అన్నచోట విద్యార్థిని అని రాస్తుంటే పిల్ల పక్కనుంచి, "నేను వెటర్నరీ డాక్టర్ అవుతాను, అది రాయి" అంది. ముద్ర పడింది. మళ్లీ నడక, మళ్లీ బెలహియా. ఈసారి అదే అధికారి తల ఊపి అరవై డాలర్లు తీసుకుని, రెండు పాస్‌పోర్టుల్లోనూ వీసా అతికించాడు. మొత్తం పది నిమిషాలు పట్టింది. సరైన వరసలో వచ్చి ఉంటే మొదటిసారే పది నిమిషాల్లో అయిపోయేది.

ఇంతసేపూ అమ్మ టీ కొట్టు ముందు కూర్చుని ఉంది. కొట్టు ఆవిడతో స్నేహం కుదిరింది. ఆవిడ అవధీ, అమ్మ తెలుగు. మధ్యలో ఒక చల్లమిరపకాయ ఆవిడ పెనం మీద వేగుతోంది. మమ్మల్ని చూడగానే అమ్మ, "ఎక్కడికి పోయారే మీరంతా? నేనొచ్చి ఒక పూటయింది" అంది. గోడ గడియారం చూపించింది. ఆ గడియారం మా చేతి గడియారాల కంటే పదిహేను నిమిషాలు ముందుంది. నేపాల్ సమయమే అంత. అమ్మ మాత్రం ఆ పదిహేను నిమిషాలనూ మా ఆలస్యంలోనే కలిపింది.

"నీ కొడుకును రానివ్వలేదమ్మా" అన్నాను.

"వాడినా? ఎందుకు?"

"అమెరికావాడు కదా."

అమ్మ వాడిని కింద నుంచి పై దాకా చూసింది. ఏమీ అనలేదు. చెంగు ముడిలోంచి పది రూపాయల నోటు తీసి, వాడికో టీ ఇవ్వమని కొట్టు ఆవిడకు సైగ చేసింది.

లుంబిని అక్కడి నుంచి గంట లోపే. మాయాదేవి ఆలయం పక్కన అశోకుడి స్తంభం ఉంది. బుద్ధుడు ఇక్కడ పుట్టాడు కాబట్టి లుంబిని గ్రామానికి బలి అనే పన్ను తీసేసి, పంటలో ఎనిమిదో వంతు మాత్రమే కట్టమన్నాడని బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు. అమరావతి శిల్పాల్లో మాయాదేవి స్వప్నాన్ని చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని, అసలు చోటుకు వచ్చి నిలబడి నేను చదువుకున్నది పన్ను రాయితీ సంగతి. ఉద్యోగపు బుద్ధి పోదు.

పోఖరా దారి, జోమ్‌సోమ్ దారి, గుంతలు, వాంతులు అవన్నీ ఇక్కడ రాయను. ముక్తినాథ్ వెళ్లడానికి అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతపు అనుమతి కూడా కావాలని మాత్రం చెబుతాను. అక్కడా పాస్‌పోర్టు లెక్కే. సార్క్ దేశాల వారికి వెయ్యి నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకు మూడు వేలు. తమ్ముడి ఒక్కడి చీటీ మా మూడు చీటీలతో సమానం. పదేళ్లలోపు పిల్లలకు ఇక్కడ ఉచితమే, దేశం ఏదైనా సరే. మరదలు ఆ చీటీ కౌంటరు దగ్గర చాలా సంతోషించింది. 3,700 మీటర్ల పైన, నవంబరు చలిలో, నూట ఎనిమిది ధారల కిందా ఆగకుండా పరుగెత్తి తడిసింది ఆ పిల్ల ఒక్కతే. మేమంతా తల మీద చల్లుకున్నాం.

తిరుగు ప్రయాణంలో నేను వరస రాసుకుని వచ్చాను. ముందు బెలహియాలో తమ్ముడికీ పిల్లకూ నేపాల్ నిష్క్రమణ ముద్ర. తరువాత నడక. తరువాత భారత్ వైపు కొట్ల మధ్య ఉన్న ఆ గది, అక్కడ ప్రవేశ ముద్ర. రిక్షా మాట్లాడబోతే అమ్మ ఎక్కనంది. వాడికి ముద్ర పడేదాకా నేనూ అక్కడే ఉంటాను అంది. నెమ్మదిగా, మోకాళ్లు పట్టుకుంటూ, మాతోపాటే నడిచి ఆ గదిలోకి వచ్చి బల్ల మీద కూర్చుంది.

వెళ్లేటప్పుడు ఉన్న అధికారి కాదు, ఇంకొకరు. తమ్ముడి పాస్‌పోర్టు, ఓసీఐ చూసి ముద్ర వేశారు. పిల్లది చూసి వేశారు. అది అయ్యీ కాకముందే అమ్మ లేచి, చేతిసంచిలోంచి లామినేషన్ చేయించిన ఆధార్ కార్డు తీసి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

ఆయన నవ్వి, "మాతాజీ, మీకు అక్కర్లేదు. మీరు వెళ్లవచ్చు" అన్నారు హిందీలో.

నేను తెలుగులో చెప్పాను. అమ్మ కదలలేదు. "చూడమను" అంది.

ఆయన కార్డు తీసుకున్నారు. ముందువైపు చూశారు, వెనకవైపు తిప్పి చూశారు, అమ్మ ముఖం చూశారు. తిరిగి ఇచ్చారు. అమ్మ దాన్ని కొంగుతో తుడిచి, కుంకుమ భరిణె పక్కన పెట్టుకుని, సంచి జిప్పు వేసుకుంది.